పగులుతుందనుకొని కట్టే పెట్టె

తాండూరు నుంచి బయల్దేరే బండల లారీని ఒకసారి దగ్గరగా చూడండి. బండలను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి కదలకుండా బిగిస్తారు. పడుకోబెట్టిన బండ దారిలో ఏదో ఒక గుంత దగ్గర రెండు ముక్కలవుతుంది. ఆ మాట అక్కడి హమాలీలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే తాండూరుకు, పక్కన వికారాబాదుకు, ఎదురుదారిన ఇంకో పెళుసు సరుకు వచ్చేది. సినిమా హాలు జెనాన్ బల్బు.

అంతకుముందు ప్రొజెక్టర్లలో వెలిగినవి కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల మొనల మధ్య మంట. అవి అరిగేకొద్దీ ఆపరేటర్ దగ్గరికి జరుపుతూ ఉండాలి. కునుకు తీశాడా, తెర మసకబారేది, కింద నేల క్లాసులో ఈలలు మొదలయ్యేవి. గదినిండా పొగ, వేడి. కానీ మోసుకురావడానికి అంత సాధువైన సరుకు లేదు. విరిగితే రెండు ముక్కలు, అంతే.

జెనాన్ వాయువును 1898లో శాస్త్రవేత్తలు రామ్సే, ట్రావర్స్ కనిపెట్టారు. దాన్ని బల్బులో బంధించి 1951లో అమ్మకానికి తెచ్చింది జర్మనీ కంపెనీ ఒస్రామ్. పొగ లేదు, కడ్డీ జరిపే పని లేదు, వెలుగు మధ్యాహ్నపు ఎండలా తెల్లన. చిక్కల్లా లోపల ఉంది. చల్లగా ఉన్నప్పుడే వాయువు మన చుట్టూ ఉన్న గాలికి ఎనిమిది, పది రెట్ల ఒత్తిడితో ఉంటుంది. వెలిగితే అది దాదాపు మూడింతలవుతుంది. ఇంట్లో బల్బు జారిపడితే టప్‌మని పగిలి కాళ్ల దగ్గర పడుతుంది. ఇది పేలి, క్వార్ట్జ్ గాజు ముక్కలను ముఖం మీదికి విసురుతుంది.

అందుకే బల్బు మార్చేవాడు ముఖానికి కవచం, చేతులకు మందపాటి తొడుగులు వేసుకోవాలి. బిగింపంతా అయ్యాకే బల్బు మీది ప్లాస్టిక్ కవచం తీయాలి. ఒట్టి వేలు తగిలినా ఆ జిడ్డు మరక వేడికి గాజులోకి ఉడికి, అక్కడే గాజు బలహీనమవుతుంది.

మరి ఈ బల్బు విమానంలో వస్తే? పైకి పోతే గాలి పల్చబడి బల్బు పేలుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ప్రయాణికుల విమానంలో ఒత్తిడి నేల మీద కంటే నాలుగోవంతు తగ్గుతుంది, అంతే. పది రెట్లు బిగిసి ఉన్న బల్బుకు ఆ పావు ఒక లెక్కా? అసలు భయం కింద, చేయి జారే చోట. నిబంధన కూడా అదే చెబుతుంది. మండని, విషం కాని వాయువు మాత్రమే ఉన్న బల్బుకు ప్రమాదకర సరుకు కాగితాలు అక్కర్లేదు, కానీ అది పగిలినా ముక్క పెట్టె దాటి రాకూడదు. పగలకుండా చూడమనడం కంటే పగులుతుందనుకొని పెట్టె కట్టమనడంలోనే తెలివంతా ఉంది.

పాదరసం బల్బుల కథ వేరు. విమానం ఒళ్లంతా అల్యూమినియం, పాదరసం ఆ లోహాన్ని తినేస్తుంది. అందుకే దాని మీద కాపలా ఎక్కువ.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. విమాన సంస్థల సంఘం ఐయాటా 1956లోనే ప్రమాదకర సరుకుకు నియమాలు రాసింది. అయినా 1973 నవంబరు 3న బోస్టన్ విమానాశ్రయంలో దిగబోతూ పాన్ యామ్ సరుకు విమానం కూలి ముగ్గురు సిబ్బంది చనిపోయారు. అందులో నైట్రిక్ ఆమ్లం సీసాలున్నాయి, చుట్టూ రంపపు పొట్టు కూరారు. ఆమ్లం కారి పొట్టుకు పొగ పుట్టిందని అనుమానించారు. కాపాడాల్సిన పొట్టే అగ్గిపుల్ల అయింది. 1981లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాదకర సరుకు రవాణాకే ఒక అనుబంధం ఆమోదించింది. మన దేశం 2003లో సొంత నియమాలు తెచ్చుకుంది.

ఆ కాగితాల రాజ్యమంతా శంషాబాదు విమానాశ్రయం గేటు దాకానే. ఆ తర్వాత మర్రిచెట్ల చేవెళ్ల రోడ్డు, దాని గుంతలు. అక్కడ కాపాడేది పెట్టె ఒక్కటే. ఇప్పుడు లేజర్ ప్రొజెక్టర్లు వచ్చి ఈ బల్బులు తగ్గిపోతున్నాయి. ఉన్నచోట మాత్రం ఖాళీ పెట్టెను పారేయకూడదు. గంటలు నిండి ఆరిపోయిన బల్బులోనూ ఆ ఒత్తిడి అలాగే ఉంటుంది. అది మళ్లీ అదే కవచంలో, అదే పెట్టెలో పడుకోవాలి.