కొండబాట - మంచుబాట

తొలి ఏకాదశినాడు వినుకొండ నెక్కి రామలింగేశ్వరుని దర్శించుట మన సీమవారికి ఆనవాయితీ. కొండ నెక్కుట తెలుగువారికి క్రొత్తగాదు; మంచుకొండల నెక్కుట మాత్రము ఇటీవలి చరిత్ర.

1985లో సైనికదళముతో ఎవరెస్టు యాత్రకు వెడలిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు అచటనే అసువులు బాసిరి. వారు చదివిన కోరుకొండ సైనిక పాఠశాలలోనే, తరువాతి కాలమున, నెల్లూరు జిల్లా బాలుడు మల్లి మస్తాన్‌బాబు చదివెను. ఆ వీరుని స్మృతియే అతనికి ప్రేరణ. 2006లో 172 దినములలో ఏడు ఖండముల అత్యున్నత శిఖరముల నధిరోహించెను.

ఎవరెస్టు కొనయందు మనకు దొరకు ప్రాణవాయువులో మూడవ వంతే లభించును. అట్టి చోట్ల జయించిన మస్తాన్‌బాబు, 2015లో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా సాగుచు మరణించెను.

శిఖరమును జేరినవారిని స్మరింతుము. తిరిగిరానివారి కథయు పిల్లలకు చెప్పవలె. అప్పుడే ఆ సాహసపు వెల వారికి తెలియును.