చెవితో చదివే పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగు: ఎలాంటి యాప్ పనికొస్తుంది?



కిందటి ఏడాది అర్ధ సంవత్సర పరీక్షల ముందు మన బడిలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వాళ్ళ ఊరి గురించి ఇంగ్లీషులో ఒక పేరా రాశాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటరులో తానే టైపు చేసి, ప్రింటు తీసి నాకు ఇచ్చాడు. ఊళ్ళో బావి ఉంది అని చెప్పే వాక్యంలో 'అక్కడ' అనే దేర్ రావలసిన చోట 'వాళ్ళ' అనే దేర్ పడింది. మోటారు చప్పుడు వింటాను అన్నచోట 'ఇక్కడ' అనే హియర్ పడింది. రెండింటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పాతికేళ్ళ అలవాటు కొద్దీ పక్కన 'చూసి రాయి' అని రాసి పంపేశాను. స్నేహితుడి చేత అది చదివించుకుని మర్నాడు నా గదికి వచ్చి అడిగాడు: "ఎక్కడ చూడాలి సార్?" ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగాడు.

దానికి జవాబు వెతుక్కునే పనిలో నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. చూపు లేని పిల్లలున్న ఇళ్ళవాళ్ళూ, అలాంటి పిల్లలకి పాఠం చెప్పేవాళ్ళూ దీన్ని దాచుకుని అవసరమైనప్పుడు తీసి చూడొచ్చు. దీన్ని ఫోనులో వినేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలను క్లాసులో పలికినట్టు పేర్లతోనే రాశాను.

కంటి తప్పులు, చెవి తప్పులు

మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడి, ఇంగ్లీషులో పరీక్ష రాస్తారు. తెలుగులో పలికినట్టే రాస్తాం. తమిళంలో ఒకే అక్షరాన్ని ఒకచోట క అనీ, ఇంకోచోట గ అనీ చదువుతారు. ఇంగ్లీషు దీనికి తిరగేసినట్టు ఉంటుంది: ఒకే పలుకుకి రెండు మూడు రాతలు. ఆ రాతలు ఒకప్పటి ఉచ్చారణని పట్టుకుని నిలబడిపోయాయి, నోరు ముందుకి వెళ్ళిపోయింది. 'నైట్'లో జి-హెచ్ ఎందుకున్నాయంటే ఒకప్పుడు వాటిని పలికేవాళ్ళు కాబట్టి.

చూపున్న పిల్లలు చేసే తప్పుల్లో చాలా భాగం కంటివి. 'ఫ్రమ్' రాయబోయి 'ఫార్మ్' రాస్తారు, ఆర్, ఓ తారుమారవుతాయి. 'ఏంజెల్'కి బదులు 'యాంగిల్', 'ట్రయల్'కి బదులు 'ట్రెయిల్' కూడా అలాంటివే. చెవితో చదివే పిల్లవాడు వీటిలో సాధారణంగా పడడు, పలుకు వేరుగా ఉంది కదా. అతను పడేది పలుకు ఒకటిగా ఉన్నచోటే. అక్కడ యంత్రం ఎంత స్పష్టంగా చదివినా లాభం లేదు, రెండు మాటలూ చెవికి ఒకటే. కాబట్టి ఇద్దరికీ ఒకే డిక్టేషను జాబితా ఇవ్వడం సరికాదు. నేను ఇన్నాళ్ళూ అదే చేశాను.

ముందు నేర్పవలసిన జంటలు

'దేర్'తో మొదలుపెట్టండి. అక్కడ అనే అర్థంలో టి-హెచ్-ఇ-ఆర్-ఇ. అందులో మొదటి టి తీసేస్తే హెచ్-ఇ-ఆర్-ఇ, అంటే 'ఇక్కడ' మిగులుతుంది. 'అక్కడ'లో 'ఇక్కడ' దాక్కుని ఉందని చెప్తే పిల్లలు మరిచిపోరు. వాళ్ళ అనే అర్థంలో టి-హెచ్-ఇ-ఐ-ఆర్. దీనిలో టి తీసేస్తే మిగిలేది వారసుడు అనే మాట, ఆస్తి వాళ్ళదే. వినడం అనే హియర్ హెచ్-ఇ-ఎ-ఆర్, అందులో చివరి మూడు అక్షరాలు కలిపితే చెవి.

స్టేషనరీ రెండు రకాలు. కాగితాలు, పెన్నుల స్టేషనరీలో చివరి వై ముందు ఇ-ఆర్ వస్తుంది. కదలకుండా నిలిచి ఉన్నది అనే స్టేషనరీలో ఎ-ఆర్. దీనికి నేను తెలుగు గుర్తు పెట్టాను: ఇంకుకి ఇ, ఎక్కడిదక్కడే ఉన్నదానికి ఎ. అక్షరం పేరే గుర్తు కాబట్టి చెవితో నేర్చుకునేవాళ్ళకి ఇది మరీ సులువు.

ప్రాక్టీసు, లైసెన్సు అనే మాటలకి బ్రిటిష్ పద్ధతిలో నామవాచకమైతే సి, క్రియ అయితే ఎస్. పని చెప్తే 'ఎస్' అనాలి, కాబట్టి క్రియకి ఎస్. సలహా, సలహా ఇవ్వడం అనే జంటకీ ఇదే సూత్రం. నిజానికి అక్కడ పలుకు కూడా వేరు: సలహా 'అడ్వైస్', ఇవ్వడం 'అడ్వైజ్'. మన నోట్లో రెండూ ఒకటైపోయాయి. అమెరికా పద్ధతిలో ప్రాక్టీసు రెంటికీ సి, లైసెన్సు రెంటికీ ఎస్ రాస్తారు. కలర్‌లో యు కూడా వాళ్ళు వదిలేస్తారు. కంప్యూటరులో స్పెల్ చెక్ భాష అమెరికా ఇంగ్లీషుగా ఉంటే, యు పెట్టి సరిగ్గా రాసిన కలర్‌ని అది తప్పని చెప్తుంది. తప్పు గీత కంటికి కనబడని పిల్లవాడు యంత్రం మాటే నమ్ముతాడు. ముందు ఆ సెట్టింగును ఇండియా ఇంగ్లీషుకో, బ్రిటన్ ఇంగ్లీషుకో మార్చండి.

లూజు సంగతి ప్రత్యేకం. మనం 'చొక్కా లూజుగా ఉంది' అంటాం. ఇంగ్లీషులో వదులు అనే మాట 'లూస్', రెండు ఓలు. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, ఒకటే ఓ. అంటే తెలుగువాడి లూజు పలుకు ఒక మాటది, అర్థం ఇంకో మాటది. యంత్రం సరిగ్గానే చదువుతుంది, మన చెవే సర్దేసుకుంటుంది. వదులు చొక్కాలో చోటు ఎక్కువ, ఓ కూడా ఎక్కువ. పోగొట్టుకున్నప్పుడు ఒక ఓ కూడా పోయింది. పాల డెయిరీని డైరీ అనేవాళ్ళకీ ఇదే ఇబ్బంది: పాలది డి-ఎ-ఐ, రోజువారీ రాసుకునేది డి-ఐ-ఎ. వి, డబ్ల్యూ రెండింటికీ మనకి ఒకే వ ఉంది కాబట్టి ద్రాక్షతీగ వైన్, తాగే వైన్ కలిసిపోతాయి. పద్యం అనే వర్స్‌కి వి, మరింత చెడ్డ అనే వర్స్‌కి డబ్ల్యూ.

ఇట్స్ అనే మాట వినేవాళ్ళకి మరీ కష్టం. దాని యొక్క అన్నప్పుడు అపాస్ట్రఫీ ఉండదు. అది ఉంది అనే రెండు మాటల్ని కుదించినప్పుడు ఉంటుంది. వాక్యం చదివేటప్పుడు యాప్ ఆ గుర్తుని మామూలుగా పలకదు. అక్షరం అక్షరం వెళితేనే తెలుస్తుంది. ప్రిన్సిపాల్, ప్రిన్సిపుల్, అఫెక్ట్, ఎఫెక్ట్, వెదర్ రెండు రకాలు, పీస్ రెండు రకాలు – ఇవి ఆ తరవాత.

చదివే యాప్ వేరు, వినిపించే యాప్ వేరు

అందరూ 'మంచి యాప్ చెప్పండి సార్' అంటారు. గొంతు బాగుందా అని చూస్తారు. నేను ముందు చూసేది ఒక్కటే: మాట మధ్యలో ఆగి, ఇందులో ఏ అక్షరాలున్నాయని పిల్లవాడు అడిగితే యాప్ చెప్పగలదా? చెప్పలేకపోతే అది కథలు వినడానికి బాగుంటుంది, చదువుకోవడానికి చాలదు. ఆడియో పుస్తకంలో స్పెల్లింగు అనేదే ఉండదు. డైసీ పుస్తకాల్లోనూ వట్టి ఆడియో ఉన్నవి, వట్టి పాఠం ఉన్నవి, రెండూ ఉన్నవి అని రకాలున్నాయి. అడిగేటప్పుడు పాఠం ఉన్నదే కావాలని అడగండి. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం చూపు లేనివాళ్ళకి, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళకి ఇలాంటి పుస్తకాలు ఇస్తుంది. అనుమతి అడగకుండానే పుస్తకాలని ఈ రూపాల్లోకి మార్చుకునే వీలు 2012 కాపీరైటు సవరణతో వచ్చింది.

ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ఉచితం, చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. మూడు వేళ్ళతో పైకో కిందికో జరిపితే చదివే తీరు మారుతుంది: మాటలు, వరుసలు, అక్షరాలు. 'క్యారెక్టర్స్' అని పలికాక ఒక వేలితో కిందికి జరుపుతూ పోతే ఒక్కో అక్షరం చెప్తుంది. పాత ఫోన్లలో ఒక వేలిని పైకి జరిపి వెంటనే కిందికి తేవాలి. ఐఫోనులో వాయిస్‌ఓవర్ ఉంటుంది. రెండు వేళ్ళతో మర తిప్పినట్టు తిప్పి 'క్యారెక్టర్స్' ఎంచుకోవాలి.

కంప్యూటరుకి ఎన్‌వీడీఏ చాలు. ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు యువకులు మొదలుపెట్టినది, ఉచితం. జాస్ అనేది ఇంకా పాతది, మంచిదే, కానీ డబ్బు కట్టాలి. ఎన్‌వీడీఏలో నమ్ లాక్ తీసేసి, అంకెల మీటల్లో 5 నొక్కితే ఉన్న మాట చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే స్పెల్లింగు చెప్తుంది, మూడుసార్లు నొక్కితే ఆల్ఫా, బ్రావో అంటూ గుర్తు మాటలతో చెప్తుంది. ఈ మూడోది తేలిగ్గా తీసుకోకండి. బి, డి, పి, టి. ఎమ్, ఎన్ – ఇవి ఫ్యాను చప్పుడులో ఒక్కలాగే వినిపిస్తాయి.

ఇక చెప్పి రాయించే యాప్‌లు. నోటితో చెప్తే ఫోనే టైపు చేస్తుంది, చాలా ఇళ్ళల్లో ఇదే వాడుతున్నారు. అడ్డు చెప్పను, కానీ ఏ దేర్ రాయాలో అక్కడ ఊహించేది యంత్రం. పరీక్షలో స్క్రైబు రాసినా అంతే, స్పెల్లింగు స్క్రైబుది. రేపు ఉద్యోగంలో తన ఉత్తరం తానే రాసుకోవలసినప్పుడు ఎవరి స్పెల్లింగు రాస్తాడు? వారానికి రెండు రోజులైనా మీటల మీద తన వేళ్ళతో టైపు చేయించండి. స్పెల్ చెక్ ఈ జంటల్ని తరచుగా వదిలేస్తుంది, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి.

కెమెరా యాప్‌ల విషయంలో జాగ్రత్త

సీయింగ్ ఏఐ, గూగుల్ లుకౌట్, ఎన్విజన్ లాంటివి కాగితాన్ని ఫొటో తీసి చదువుతాయి. ఉత్తరానికీ, మందు డబ్బాకీ, బస్సు బోర్డుకీ చాలా ఉపయోగం. స్పెల్లింగు నేర్చుకోవడానికి మాత్రం వాడకండి. అచ్చులో ఆర్, ఎన్ పక్కపక్కన ఆనుకుని ఉంటే కెమెరా ఎమ్ అనుకోవచ్చు. 'మోడర్న్' కాస్తా 'మోడెమ్' అవుతుంది. చిన్న ఎల్‌ని 1 అంకె అనుకుంటుంది. తప్పు పుస్తకానిదా, కెమెరాదా అని తేల్చుకునే దారి పిల్లవాడికి లేదు. ఇలాంటి యాప్‌లు కొన్ని ఫొటోని ఇంటర్నెట్‌లో బయటి కంప్యూటరుకి పంపుతాయి కాబట్టి ఆధారు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం వాటికి చూపించే ముందు ఆలోచించండి.

తెలుగు కూడా చదవాలి కదా

పెట్టుకునే ముందు మన తెలుగు వాచకంలో ఒక పేజీ ఇచ్చి చూడండి. గూగుల్ గొంతుల్లో తెలుగు ఉంది. ఇంట్లో నెట్ లేనప్పుడు కూడా పలకాలంటే ఆ గొంతుని ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్‌లోనూ తెలుగు ఉంది, కాస్త మరబొమ్మ మాట్లాడినట్టుంటుంది, వారంలో అలవాటవుతుంది. వట్టి ఇంగ్లీషు గొంతు పెడితే తెలుగు వాక్యం వచ్చినచోట నోరు మూసుకుంటుంది. పిల్లవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. అర్థం, అర్ధం మనం ఒకేలా పలికేస్తాం. తెలుగులోనూ అక్షరం దగ్గర ఆగడం అవసరమే.

డీటీపీ చేసేవాళ్ళకి ఒక మనవి. పాత ఫాంట్లలో చేసిన తెలుగు ప్రశ్నపత్రం కంటికి తెలుగే, యాప్‌కి మాత్రం అర్థంలేని గుర్తులు. యూనికోడ్‌లో చేయించండి. మన బడి ప్రశ్నపత్రాలే ఆ సంగతి తెలియక చాలాకాలం పాత పద్ధతిలో పోయాయి.

బ్రెయిలీ మానకండి

యాప్ వచ్చింది కదా, బ్రెయిలీ ఎందుకు అని ఒక తండ్రి అడిగారు. స్పెల్లింగుని వేళ్ళతో తాకేది అందులోనే కాబట్టి. 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీలో మన భాషలన్నింటికీ ఒకే చుక్కల పద్ధతి. తెలుగు క, తమిళ క, కన్నడ క అన్నీ 1, 3 చుక్కలే, ఇంగ్లీషు కె కూడా అవే. తెలుగు వచ్చిన పిల్లవాడికి తమిళం సగం వచ్చినట్టే.

ఒకచోట మాత్రం పొరపాటు పడతాం. ఇంగ్లీషులో కుదింపు బ్రెయిలీ ఉంది. అందులో రెండు దేర్‌లకీ అక్షరాలుండవు: ఒకటి 5వ చుక్క, తరవాత 'ద' గుర్తు, ఇంకొకటి 4, 5, 6 చుక్కలు, తరవాత అదే గుర్తు. ఫ్రెండ్ అంటే ఎఫ్-ఆర్, రిసీవ్ అంటే ఆర్-సి-వి. చదవడానికి వేగం, కానీ ఐ ముందా ఇ ముందా అనేది వేలికి ఎప్పుడూ తగలదు. ఈ జంటల్ని, ఐ-ఇ మాటల్ని కుదింపు లేని బ్రెయిలీలో కనీసం పదిసార్లు రాయించాకే కుదింపు నేర్పండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలభై శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్ళ వరకు పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. ఇది 17వ సెక్షన్‌లో ఉంది. ధ్రువపత్రం ఇంకా తీసుకోనివాళ్ళు ముందు ఆ పని చూడండి, అర్జీ రాయడానికి ఆఫీసులో మేం సాయం చేస్తాం.

ఆ అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. నేను కాగితం మీద ఎర్ర సిరా మానేసి, తప్పున్న మాట పక్కన ఒక చుక్కగుర్తు టైపు చేసి ఫైలు తిరిగి పంపిస్తున్నాను. అతను వెతుక్కుని ఆ మాట దగ్గర ఆగి, అంకె 5 మూడుసార్లు నొక్కుతాడు. మొన్న నేను పంపిన నోటీసులోనే ఒక 'ఇట్స్' తప్పు పట్టుకున్నాడు.

ఫోనులో ఈ సెట్టింగులు పెట్టించుకోవాలనుకునేవాళ్ళు శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక కంప్యూటరు గదికి రండి. పిల్లల్ని వెంట తీసుకురండి, సెట్టింగు మీరు కాదు, వాళ్ళే చేసుకోవాలి. ఇయర్‌ఫోను, ఛార్జరు, ఒక తెలుగు వాచకం తెచ్చుకోండి.