ఖైమా, సైకిల్, కొల్లేటికోట



డేరాని ఉర్దూలో ఖైమా అంటాం. కొల్లేటికోట కథల్లో వినబడే మొదటి ఖైమాలు జంగ్ కోసం వేసినవి. ఒడిశా గజపతుల ఫౌజు కొల్లేరు మధ్య దిబ్బ మీద కోట కట్టుకుందట. వాళ్ళ మీదికి వచ్చిన ముసల్మాన్ సిపాసాలార్ ఒడ్డున చిగురుకోట దగ్గర ఛావనీ వేశాడట. మధ్యలో నీళ్ళు. ఆ నీళ్ళని సముద్రంలోకి దించడానికి అతను తవ్వించిన కాలువే నేటి ఉప్పుటేరు అంటారు. కోటలో ఉన్న సేనాపతి గెలుపు కోసం కన్నకూతుర్నే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకి పేరంటాల కనమ అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఇదంతా దంతకథ. అయినా నాకు అందులో గుర్తుండిపోయేది ఆ పిల్లే. ఇటు డేరాలు, అటు డేరాలు, మధ్యలో ఒక బేకసూర్ ప్రాణం పోయింది.

ఇవాళ అదే ఒడ్డుకి సైకిళ్ళ మీద ఖైమాలు కట్టుకుని నవజవాన్లు వస్తున్నారు. ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, ఇంకా దూరం నుంచి కూడా. వీళ్ళ షౌక్‌కి కూడా ఒక తారీఖ్ ఉంది. అది మన ఇళ్ళలో పిల్లలకి చెప్పదగ్గది.

సరదాకి డేరా వేసుకునే అలవాటుని ఒక బిరాదరీగా మలిచింది సైకిల్ వాళ్ళే. ఇంగ్లండులో 1878లోనే సైకిల్ యాత్రికుల క్లబ్ ఒకటి మొదలైంది. అక్కడ థామస్ హైరమ్ హోల్డింగ్ అనే దర్జీ ఉండేవాడు. దర్జీ కాబట్టి సైకిల్ మీద మోయగలిగినంత తేలిక డేరాలు తయారుచేసుకున్నాడు. 1897లో దోస్తులతో ఐర్లండులోని కనెమారా ప్రాంతమంతా సైకిల్ మీద తిరిగి, ఆ సఫర్‌ని మరుసటి ఏడాది కితాబుగా రాశాడు. ఈ షౌక్ ఉన్నవాళ్ళు తనకి ఉత్తరం రాయమని అందులో కోరాడు. ఉత్తరాలు వచ్చాయి. 1901లో సైకిల్ క్యాంపర్ల సంఘం పుట్టింది. ఒక మనిషి తాను చూసిన దృశ్యాన్నీ, తాను నేర్చిన హునర్‌నీ దాచుకోకుండా పంచుకున్నందుకు వచ్చిన బరకత్ అది.

మన దేశంలో ఆ జోష్ చూపించింది బొంబాయి పార్సీ కుర్రాళ్ళు. 1923 అక్టోబర్ 15న ఆరుగురు సైకిళ్ళెక్కి దునియా చుట్టడానికి బయల్దేరారు. బలూచిస్తాన్, ఇరాన్ దాటి బాగ్దాద్ చేరారు. అక్కడి నుంచి అలెప్పో దాకా రేగిస్తాన్ దాటడానికి 23 రోజులు పట్టింది. దారిలో ఒక్కొక్కరూ విడిపోయారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా ముగ్గురే 1928 మార్చి 18న తిరిగి బొంబాయి చేరారు. దాదాపు 71,000 కిలోమీటర్లు తొక్కారు. ఖండాలు దాటే సఫర్‌కి ఎంత సామాను మోసుకుపోగలరు చెప్పండి? దారిపొడవునా ముక్కూ మొహం తెలియని వాళ్ళ మెహమాన్ నవాజీ లేకపోతే ఏ సైకిల్ ముసాఫిరూ మంజిల్ చేరడు.

ఈ మెహమాన్ నవాజీ మన దారుల్లో సైకిల్ కంటే ముందే ఉంది. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే దారిలో, ఇప్పటి హయత్‌నగర్‌లో, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరుతో ఒక మసీదు నిలిచి ఉంది. దాని చుట్టూ వరసగా సరాయి గదులు, పక్కనే హాథీ బావి. ఇబాదత్‌కి ఒక చోటు, పడకకి ఒక చోటు, తాగడానికి నీళ్ళు. ముసాఫిర్‌కి కావలసింది అంతే. జకాత్ హక్కుదారుల్లో దారిన పడ్డ ముసాఫిర్‌ని కూడా చేర్చిన దీన్ మనది. మన ఏలూరు తివాచీల సంగతే చూడండి. ఆ నేత నేసినవాళ్ళ పూర్వీకులు ఇరాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటాం. 1851 లండన్ ఎగ్జిబిషన్ దాకా వెళ్ళిన ఆ హునర్ వెనక, కొత్త ఊళ్ళో మొదటి రాత్రి ఎవరో ఒకరు ఇచ్చిన అరుగు ఉండే ఉంటుంది.

కొల్లేట్లో ఆ అరుగు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ పొడినేల తక్కువ. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్ళు వచ్చి చేరేది ఇక్కడికే. 2024 సెప్టెంబర్ వరదలో ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్ళొచ్చాయి. పైగా ఇది 1999 నుంచి అభయారణ్యం. ఎక్కడ పడితే అక్కడ ఖైమా వేయడం కుదరదు, వేయకూడదు కూడా. కాబట్టి లంక ఊరివాళ్ళ ఇజాజత్ లేనిదే రాత్రి గడవదు.

పోయిన చలికాలం మేం నలుగురం వెళ్ళాం. ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూసి, పొద్దు వాలేసరికి కొల్లేటికోట వైపు చేరాం. దారిలో ఒకరి చైన్ తెగితే మరొకరి సంచిలోంచి లింకు వచ్చింది. ఒకరి రొట్టెలు, ఒకరి పచ్చడి, నా ఫ్లాస్కులో చాయ్. చెరువుగట్టు మీద ఖైమా విప్పబోతుంటే ఓ ముసలమ్మ కేకేసింది. "బాబూ, అక్కడొద్దు, పురుగూ పుట్రా ఉంటయ్. మా అరుగు మీద పడుకోండి. అన్నం తిన్నారా?" మా పేర్లు ఆమెకి తెలిసింది పొద్దున, వెళ్ళొస్తామని చెప్పేటప్పుడు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మరో సఫర్‌లో, మరో ఊళ్ళో, ఇంకో అనుభవం ఉంది. అక్కడ ముందు పేరు అడిగారు. చెప్పాక చోటు లేదన్నారు. మనలో చాలామందికి ఈ దర్ద్ తెలుసు. అందుకే మన పిల్లల్ని సైకిల్ మీద దూరం పంపడానికి అమ్మీలు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దానికి జవాబు మన తలుపు కూడా మూసేసుకోవడం కాదని నా ఖయాల్. ముసాఫిర్‌ని నమ్మే రివాజు ఎక్కడో ఒకచోట నిలబడాలి. అది మన గడపలోనే ఎందుకు నిలబడకూడదు?

పెద్ద సరాయిలు కట్టక్కర్లేదు. వరండాలో ఒక చాప, ఒక కూజా, గోడకి ఆనించిన ఒక గాలిపంపు చాలు. ఎండలో హెల్మెట్ పెట్టుకుని, వెనక మూట కట్టుకుని ఎవరైనా ఆగితే ముందు నీళ్ళివ్వండి. "ఎక్కడి నుంచి వస్తున్నారు భాయ్, దారిలో ఏం చూశారు?" అని అడగండి. పేరు ఎలాగూ తర్వాత తెలుస్తుంది.