పది మీటర్ల లోపు ప్రయాణం

ముంబైలోని వర్లీ బీడీడీ చాల్‌లో, అంటే వరుస గదుల పాత భవనంలో, ఒక్కో గది 160 చదరపు అడుగులు. అంతస్తుకు 20 గదులు, వాటి మధ్య పొడుగాటి నడవ, అందరికీ కలిపి మరుగుదొడ్లు. మామూలు ఫోన్‌లో బ్లూటూత్ సంకేతం చేరే దూరం సుమారు 10 మీటర్లు. ఈ కొలతలు పక్కపక్కన పెట్టి చూడండి. నెట్ లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కు పాట పంపుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉంటుందా? చాపమీంచి లేవకుండానే ఇటు పక్కింటి ఫోనూ అటు పక్కింటి ఫోనూ నడవకు అవతలి ఫోనూ అందుతాయి.

ముంబైలో తెలుగువాళ్ల ఇరుకు ఈనాటిది కాదు. 18వ శతాబ్ది చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు సముద్రపు నీటిని ఆపాక, ఆరిన పల్లపు నేలలో నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు కాపురాలు పెట్టారు. ఆ పేటే కామాటిపుర. నగరాన్ని కట్టిన కూలీల పేరున వెలసిన చోటును లోకం ఇంకో కారణానికే గుర్తుపెట్టుకోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. తర్వాత బట్టల మిల్లులు తెలంగాణ పద్మశాలీలను వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి వైపు రప్పించాయి. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెతో ఆ బతుకుదెరువు కూలింది. ఊరికీ చాల్‌కూ మధ్య రాకపోకలు మాత్రం ఆగలేదు. పెళ్లికో చావుకో పోయొచ్చినవాళ్ల సంచుల్లో పచ్చడి సీసాలతో పాటు క్యాసెట్లూ వచ్చేవి. ఆ క్యాసెట్ల పనే తర్వాత ఫోన్ల చేతికొచ్చింది.

ఫోన్లకు మొదట దొరికిన దారి ఇన్‌ఫ్రారెడ్. దాని ప్రమాణాల కోసం 1993లో ఐఆర్‌డీఏ అనే సంఘం ఏర్పడింది. రెండు ఫోన్ల తలలు ఎదురెదురుగా, మీటరు లోపే పెట్టాలి. మధ్యలో చెయ్యి అడ్డొస్తే పంపిణీ తెగిపోయేది. గోడ దాటే ప్రశ్నే లేదు.

గోడ దాటించింది బ్లూటూత్. 1994లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో, ఎరిక్సన్ కంపెనీలో డచ్ ఇంజనీరు యాప్ హార్ట్‌సెన్ దీని మీద పని మొదలుపెట్టాడు. ఫోన్‌కు, హెడ్‌సెట్‌కు, కంప్యూటర్‌కు మధ్య తీగలు తీసేయాలన్నదే అప్పటి ఆలోచన. 10వ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు పెడదామన్నది ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా కలిసి సంఘం పెట్టాయి. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో 79 చానెళ్లున్నాయి. అది సెకనుకు 1600 సార్లు ఒక చానెల్ నుంచి ఇంకో చానెల్‌కు దూకుతుంది. అందుకే ఒకే నడవలో నాలుగైదు జతల ఫోన్లు ఒకేసారి మాట్లాడుకున్నా ఒకదాని పాట ఇంకొకదాంట్లో కలిసిపోదు. తీగ బాధ తప్పించడానికి చేసిన వస్తువు ఊరి పాటలు మోసే పనికి వస్తుందని లుండ్‌లో ఎవరూ ఊహించి ఉండరు.

2003లో నోకియా 6600 లాంటి ఫోన్లు వచ్చాయి. ఆపైన ధరలు దిగే కొద్దీ బ్లూటూత్ చాళ్లలోకీ వచ్చింది. తతంగం గుర్తుందా? ఇద్దరూ బ్లూటూత్ ఆన్ చేయాలి. ఒకరు వెతకాలి. తెరమీద చుట్టుపక్కల ఫోన్ల పేర్లు ఒక్కొక్కటే తేలతాయి. అందులో మనవాడిది ఏదో అడిగి తెలుసుకోవాలి. 0000 అనో 1234 అనో ఇద్దరూ ఒకే అంకె కొట్టాలి. అవతలివాడు సరే అని నొక్కాలి. ‘జర ఆ పాట నాకూ ఎక్కియ్యి’ అంటే ఇదంతా చేయమని. తొలి రోజుల బ్లూటూత్ గరిష్ఠ వేగం సెకనుకు 723 కిలోబిట్లు. 5 ఎంబీల పాటకు దాదాపు నిమిషం. 2004లో వచ్చిన 2.0 రకంలో అదే పాట 20 సెకన్ల పని. 700 ఎంబీల సినిమా అయితే ముప్పావు గంట దాకా. అంతసేపూ ఇద్దరూ దగ్గర్లోనే ఉండాలి. నీళ్లకు పోయినా, లైన్లో నిలబడ్డా, సంకేతం అందే మేర దాటకూడదు.

దగ్గరితనంలో ముప్పూ ఉంది. 2004 జూన్‌లో బయటపడ్డ కాబిర్ అనే పురుగు సింబియన్ ఫోన్లకు బ్లూటూత్ మీదుగానే పాకింది. సరే అని నొక్కితే తప్ప లోపలికి రాలేదు గానీ, కాదన్నా మళ్లీ మళ్లీ అడిగి విసిగించేది. పేరు తెలియని ఫోన్ నుంచి వచ్చేది తీసుకోవద్దన్న జాగ్రత్త అప్పటిదే.

డేటా ఖరీదైనంత కాలం ఇదంతా అవసరమే. 2016లో జియో రాకముందు ఒక జీబీ దాదాపు 250 రూపాయలు. కూలి డబ్బుతో యూట్యూబ్ చూసేదెవరు? సెల్ దుకాణంలో కొద్ది డబ్బులిచ్చి మెమరీ కార్డు నింపించుకుంటే, అక్కడి నుంచి అదే పాట గది గదికీ పైసా ఖర్చు లేకుండా తిరిగేది. కామాటిపుర నుంచి నడిచిపోయే దూరంలోనే ఎలక్ట్రానిక్స్ సామానుకు పేరుపడ్డ లామింగ్టన్ రోడ్డు. నిజామాబాద్ మీదుగా వచ్చే దేవగిరి ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్ల ఫోన్లలో దుకాణాల్లో దొరకనివీ ఉండేవి: బతుకమ్మ ఆటలో ఎవరో రికార్డు చేసిన పాట, మేనకోడలి పెళ్లి వీడియో, అమ్మమ్మ గొంతు.

తర్వాత వేగం పెరిగింది. 2010లో వై-ఫై డైరెక్ట్ వచ్చింది. షేర్‌ఇట్, జెండర్ లాంటి యాప్‌లు ఒక ఫోన్‌ను హాట్‌స్పాట్‌గా మార్చి రెండోదాన్ని దానికి కలిపాయి. ముప్పావు గంట సినిమా నిమిషాల్లోకి దిగింది. ‘షేరిట్ చెయ్’ అన్నది ఇంట్లో మాటైపోయింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. ఆ ఆగస్టులోనే గూగుల్ ఆండ్రాయిడ్‌కు నియర్‌బై షేర్ ఇచ్చింది. 2024లో అది శాంసంగ్ క్విక్ షేర్‌తో కలిసిపోయింది. ఆపిల్ ఎయిర్‌డ్రాప్ 2011 నుంచీ ఉంది గానీ చాలా ఏళ్లు ఆపిల్ వాళ్ల మధ్యే తిరిగింది.

ఇప్పుడు వాట్సాప్ ఉంది, ఊరు రోజూ తెరమీదే కనిపిస్తోంది. బీడీడీ చాళ్లు ఒక్కొక్కటే కూలి, వాటి చోట టవర్లు లేస్తున్నాయి. నా దిగులంతా ఆ పాత ఫైళ్ల గురించి. యూట్యూబ్‌లో పెట్టిన పాటకు నకలు సర్వర్‌లో ఉంటుంది. బ్లూటూత్ మీద వచ్చిన పాట ఏ సర్వర్ గడపా తొక్కలేదు. పంపిన ఫోన్‌లో ఒకటి, అందుకున్న ఫోన్‌లో ఒకటి, అంతే. పాత నోకియా పాడై, కార్డు ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉంటే లోపలిది చెరిగిపోవచ్చు కూడా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గోరంత కార్డులను చెత్తలో పారేయకండి. కార్డు రీడర్ కొద్దిపాటి ధరకే దొరుకుతుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ పండగో పక్కన రాసిపెట్టండి. ఆ గొంతులను గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఉండగానే ఈ పని కావాలి.