డె రోడె హెస్టె (డేనిష్ చలనచిత్రం, 1950)

డె రోడె హెస్టె (ఎర్ర గుర్రాలు) 1950లో విడుదలైన డేనిష్ కుటుంబ కథాచిత్రం. మోర్టెన్ కోర్క్ నవల దీనికి ఆధారం. ఆలిస్ ఓ'ఫ్రెడరిక్స్, యోన్ ఇవర్సెన్ దర్శకత్వంలో ఏఎస్‌ఏ ఫిల్మ్ నిర్మించింది. నాయకా నాయికలు పౌల్ రైకార్ట్, తోవె మేస్. సుమారు 23 లక్షల టికెట్లు తెగాయంటారు. అప్పటికి డెన్మార్క్ జనాభా 43 లక్షలకు మించదు. టికెట్ల అధికారిక లెక్కలు 1976 నుంచే ఉన్నాయి కాబట్టి ఈ అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

అప్పుల్లో మునిగిన పాత వ్యవసాయ క్షేత్రం, దాన్ని నిలబెట్టే నిజాయతీపరుడైన యువకుడు, ప్రేమ, కొంత హాస్యం, గుర్రప్పందెం: కథలో కొత్తదనం వెతకడం దండగ. గుర్రప్పందేల్లో డేనులు ఎక్కువగా ఇష్టపడే రకంలో జాకీ గుర్రం మీద కూర్చోడు. రెండు చక్రాల తేలికపాటి బండిలో వెనక కూర్చుని పగ్గాలు పడతాడు. గుర్రం దుడికి నడకతోనే పరుగెత్తాలి. దౌడు అందుకుంటే తప్పు. కోపెన్‌హేగెన్ శివార్లలోని షార్లటెన్‌లుండ్‌లో 1891 నుంచి ఈ పందేలకు మైదానం ఉంది.

జనం విరగబడి చూడటానికి కారణం ఆ కాలంలో ఉంది. యుద్ధానంతరం అమెరికా మార్షల్ సాయంతో పాటు ట్రాక్టర్లూ వచ్చాయి. చిన్న బూడిదరంగు ఫెర్గుసన్ ట్రాక్టర్ పొలంలోకి దిగేసరికి గుర్రానికి పని పోయింది. క్షేత్రం ఒక్క వారసుడికే దక్కితే మిగతా పిల్లలు పట్నం దారి పట్టేవారు. అలా వలస వెళ్లినవారికి ఈ సినిమా తమకు దక్కని ఇంటినీ, కనుమరుగవుతున్న గుర్రాలనూ తెరమీద చూపింది. క్రమబద్ధమైన టీవీ ప్రసారాలు ఇంకా మొదలుకాలేదు, అవి వచ్చింది 1951లో. ఇంకో విశేషం: రైకార్ట్ అంతకుముందు 1945లో నాజీ వ్యతిరేక పోరాటగాథ డె రోడె ఎంగెలో హీరో. అదీ ఏఎస్‌ఏ చిత్రమే, కాన్స్‌లో బహుమతి కూడా గెలిచింది. ప్రతిఘటన యోధుడు ఐదేళ్లకే పల్లెటూరి ఆదర్శ యువకుడయ్యాడన్నమాట.

విజయం చూసి ఏఎస్‌ఏ కోర్క్ కథలను వరసగా తెరకెక్కించింది. 1950లోనే మోసెకొంగెన్, 1951లో డెట్ గామ్లె గుల్డ్ వచ్చాయి. 1876లో ఫ్యూన్ ద్వీపంలో పుట్టిన కోర్క్ 1954లో మరణించినా చిత్రాలు ఆగలేదు. ఆస్తి, వారసత్వ తగాదాలే ఇతివృత్తంగా ఓ'ఫ్రెడరిక్స్ 1964-66 మధ్య నేస్‌బ్యూగోర్డ్ చిత్రత్రయం తీసింది. పిల్లలకు నచ్చిన ఫార్ టిల్ ఫీరె హాస్య చిత్రాలూ (1953-61) ఆమెవే. ఆమె పేరును విమర్శకులు చాలాకాలం పట్టించుకోలేదు, అది అన్యాయమే. కోర్క్ చిత్రాలను కూడా వాళ్లు చౌకబారు కలలని తీసిపారేశారు. జనం మాత్రం వినలేదు.

దర్శకుడు లార్స్ ఫాన్ ట్రియర్ సహస్థాపకుడిగా ఉన్న సెంట్రోపా సంస్థ, 1999లో కోర్క్ పేరుతోనే ఒక టీవీ ధారావాహిక తీసింది.