డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (సంక్షిప్తంగా డీడీఎస్) తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతంలో గ్రామీణ పేదరిక నిర్మూలనకు కృషి చేస్తున్న స్వచ్ఛంద సంస్థ. ఇది 1983లో ప్రారంభమైనది. అప్పట్లో ఈ ప్రాంతం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రపు మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇది సంగారెడ్డి జిల్లాలో చేరినది. సంస్థ గ్రామీణ కేంద్రం జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ గ్రామంలో ఉన్నది. గ్రామాలలోని పేద స్త్రీలు, ముఖ్యంగా దళిత స్త్రీలు, ఏర్పరచుకొన్న "సంఘాలు" ఈ సంస్థకు ఆధారం. సంస్థ ప్రచురణల ప్రకారం సుమారు 75 గ్రామాలలో 5,000 మంది స్త్రీలు ఈ సంఘాలలో సభ్యులు.

బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఆ గ్రామంలోనే పేదలకు పంపిణీ చేసిన పద్ధతి, చిరుధాన్యాల విత్తనాల పరిరక్షణ, స్త్రీలే నడిపే సంఘం రేడియో ఈ సంస్థకు పేరు తెచ్చిన కార్యక్రమాలు.

నేపథ్యం

జహీరాబాదు ప్రాంతం దక్కను పీఠభూమిలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. ఇక్కడ ఎర్ర నేలలు, నల్లరేగడి నేలలు రెండూ కనిపిస్తాయి. కాలువల నీరు లేని పల్లెలలో వ్యవసాయం వర్షాధారం. జొన్నరొట్టె, గటక ఇక్కడి ప్రజల సంప్రదాయ ఆహారం. జొన్నతోబాటు కొర్ర, సామ, సజ్జ, తైదలు (రాగులు), కంది, పెసర, ఉలవ మొదలగువాటిని కలిపి పండించడం ఇక్కడి పాత ఆనవాయితీ.

భూసంస్కరణల ఫలితంగా పేద కుటుంబాలలో కొన్నింటికి ప్రభుత్వం భూమిని ఇచ్చినది. ఇలా ఇచ్చిన వాటిలో చాలావరకు రాళ్లు నిండినవి, వాలుగా ఉన్నవి, పైమట్టి కొట్టుకుపోయినవి. వాటిని సాగులోకి తేవాలంటే ముందుగా రాళ్లు ఏరి, గట్లు వేసి, ఎరువు తోలాలి. అందుకు పెట్టుబడి కావాలి. బీడు భూమిపై బ్యాంకులు అప్పు ఇచ్చేవి కావు. ఆ కారణంగా పట్టా చేతిలో ఉన్నా, ఆ కుటుంబాలు పెద్ద రైతుల పొలాలలో కూలికి పోయేవి. వానాకాలంలో కొత్తపంట చేతికి రాకముందు, ఇంట్లో గింజలు అయిపోయిన నెలలలో పస్తులు తప్పేవి కావు.

సంస్థ ఏర్పడిన 1983లోనే ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించినది. ఆ పథకం రాష్ట్రమంతటా లక్షలాది కుటుంబాల ఆకలిని తగ్గించినది. అయితే మెట్టప్రాంతాలలో దానికి మరొక ఫలితం కూడా కలిగినది. డెల్టా ప్రాంతంలో పండిన బియ్యం అగ్గువకు దొరుకుతున్నప్పుడు జొన్న పండించినవారికి గిట్టుబాటు ధర రావడం కష్టమైనది. జొన్న సాగు తగ్గుతూ వచ్చినది. జొన్న పంట గింజతోబాటు పశువులకు చొప్పను ఇస్తుంది. పశువులు పొలానికి ఎరువును ఇస్తాయి. కలుపు తీయడం, కోయడం వంటి పనులు కూలివారికి పని కల్పిస్తాయి. చౌకధరల దుకాణంలోని బియ్యం కడుపు నింపగలదు గాని చొప్పను, ఎరువును, పనిని ఇవ్వలేదు. డీడీఎస్ తరువాతి కార్యక్రమాలకు ఈ ఆలోచనయే మూలం.

స్థాపన

సంస్థ వ్యవస్థాపకులలో ముఖ్యుడు పి.వి.సతీశ్. ఆయన 1945లో మైసూరులో జన్మించాడు. పాత్రికేయ విద్యను అభ్యసించి, దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పనిచేశాడు. 1975-76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు విద్యా కార్యక్రమాలను ప్రసారం చేసిన "సైట్" ప్రయోగంలో పాలుపంచుకొన్నాడు. ఆ తరువాత మిత్రులతో కలిసి డీడీఎస్‌ను స్థాపించి, నాలుగు దశాబ్దాలపాటు దానిని నడిపించాడు. 2023 మార్చి 19న హైదరాబాదులో మరణించాడు.

సంఘాలు

ప్రతి గ్రామంలో పేద స్త్రీలు స్వచ్ఛందంగా కలిసి ఒక సంఘంగా ఏర్పడతారు. పగలు కూలిపనికి పోయేవారు గనుక సమావేశాలు సాధారణంగా రాత్రివేళ జరిగేవి. పొదుపుతో మొదలైన సంఘాలు క్రమంగా భూమి, విత్తనం, ధాన్యం, పిల్లల సంరక్షణ వంటి విషయాలను చేపట్టినవి. తల్లులు పనికి పోయినప్పుడు పిల్లలను చూసుకొనేందుకు బాల్వాడీలు ఏర్పడినవి. సొంత భూమి లేని స్త్రీలు కొందరు జట్టుగా కలిసి భూమిని కౌలుకు తీసుకొని ఉమ్మడిగా సాగు చేశారు. పాడుబడిన ఉమ్మడి భూములలో చెట్లను, ఔషధ మొక్కలను పెంచారు.

1980లలో ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్ రాకతో పస్తాపూర్‌లో పర్మాకల్చర్ (శాశ్వత వ్యవసాయం) పద్ధతిపై ప్రయోగాలు జరిగినవి. భారతదేశంలో ఈ పద్ధతిని తొలుత ఆచరించిన చోట్లలో ఇది ఒకటి.

ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థ

సంస్థ చేపట్టిన కార్యక్రమాలలో ఇది ప్రధానమైనది. 1990ల మధ్యకాలంలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆర్థిక సహాయంతో సుమారు 30 గ్రామాలలో ప్రారంభమైనది. రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమి దీనివలన సాగులోకి వచ్చినది. దీనినే "సామూహిక ధాన్య నిధి" అని కూడా అంటారు.

ఇది పనిచేసిన విధానం:

- గ్రామంలో బీడుగా పడియున్న చిన్న రైతుల భూములను సంఘం గుర్తిస్తుంది.
- దున్నడానికి, ఎరువు తోలడానికి, విత్తడానికి, కలుపు తీయడానికి కావలసిన సొమ్మును మూడేళ్లపాటు విడతలుగా రైతుకు అప్పుగా ఇస్తుంది. పనులు సక్రమంగా జరుగుతున్నవీ లేనివీ సంఘ స్త్రీల కమిటీ చూస్తుంది.
- రైతు ఆ అప్పును డబ్బు రూపంలో గాక జొన్నల రూపంలో, కొన్నేళ్లపాటు తీరుస్తాడు.
- ఆ జొన్నలను గ్రామంలోనే నిలువ చేస్తారు. రసాయనిక మందులు వాడకుండా బూడిద, వేపాకు వంటివి కలుపుతారు.
- వానాకాలంలో, గింజలు కరువైన నెలలలో, గ్రామంలోని నిరుపేద కుటుంబాలకు తక్కువ ధరకు అమ్ముతారు. వచ్చిన సొమ్ము తిరిగి గ్రామ నిధిలో చేరుతుంది.

నిరుపేదలు ఎవరన్నది నిర్ణయించే పద్ధతి కూడా చెప్పుకోదగినది. ఆదాయ ధ్రువపత్రాలతో నిమిత్తం లేకుండా, గ్రామస్థులు నేలపై తమ ఊరి పటాన్ని ముగ్గుతో గీసి, ఒక్కొక్క ఇంటి పరిస్థితిని అందరి ఎదుట చర్చించేవారు. ఎవరికి భూమి ఉన్నది, ఎవరికి ఇంట్లో పనిచేయగల మనిషి లేడు, ఎవరు ఏ నెలలలో పస్తులుంటున్నారు అన్నవి కొలమానాలు. ఊరివారికి తెలిసిన సంగతులను అధికారుల జాబితా కంటే బాగా ఊరివారే చెప్పగలరన్నది దీనిలోని సూత్రం.

ఈ ఏర్పాటువలన ఒకే పెట్టుబడికి అనేక ప్రయోజనాలు కలిగినవి. భూమి ఉన్న పేదకు పంట, భూమి లేని పేదకు పని, ఏ పనీ చేయలేని వృద్ధులకు, వితంతువులకు అగ్గువకు గింజలు, పశువులకు మేత లభించినవి. అంతేగాక, అంతవరకు కూలివారుగా మాత్రమే గుర్తింపు పొందిన స్త్రీలు ఊరి ధాన్యానికి అప్పు ఇచ్చేవారుగా మారారు.

విత్తనాలు

సంఘాల స్త్రీలు అనేక గ్రామాలలో విత్తన నిధులను ఏర్పాటు చేసుకొన్నారు. ఎరుపుమట్టి, పేడ అలికిన వెదురు గుమ్ములలో విత్తనాలను దాచుతారు. విత్తనాన్ని అమ్మరు. తీసుకొన్నవారు పంట వచ్చిన తరువాత తీసుకొన్నదానికంటే ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి. ఈ విధంగా విత్తనం ఏటేటా పెరుగుతూ, కొత్తవారికి అందుతుంది. ఒకే పొలంలో పది పన్నెండు రకాలకు మించి కలిపి విత్తడం ఇక్కడ సాధారణం. వాన ఆలస్యమైనా, మధ్యలో ఆగినా ఏదో ఒక పంట చేతికి వస్తుందన్నది ఈ పద్ధతికి ఆధారం.

యాసంగిలో నీటి తడి, ఎరువు లేకుండా నేలలోని తేమతో, మంచుతో పండే పంటలను ఇక్కడివారు "సత్యం పంటలు" అంటారు. విత్తకుండా పొలాలలో తమంత తామే మొలిచే దొగ్గలి కూర, గునుగు కూర, జొన్న చెంచలి, తుమ్మి కూర మొదలైన ఆకుకూరలు కూడా పేదల ఆహారంలో భాగం. కలుపు మందు చల్లిన పొలంలో ఇవి మిగలవు. ఈ కూరల ప్రాధాన్యాన్ని సంస్థ తన ప్రచురణల ద్వారా వెలుగులోకి తెచ్చినది.

పాత పంటల జాతర

ఏటా సంక్రాంతి నాడు ప్రారంభించి సుమారు నెల రోజులపాటు ఈ జాతరను నిర్వహిస్తూ వచ్చారు. అలంకరించిన ఎడ్లబండ్లలో పాత పంటల విత్తనాలను ఊరూరా ఊరేగిస్తారు. ప్రతి ఊరిలో స్త్రీలు పాటలతో బండ్లకు ఎదురేగి, విత్తనాలకు పూజ చేస్తారు. ఆ తరువాత రైతులందరూ కూర్చొని ఆ యేటి పంటల గురించి, ధరల గురించి చర్చిస్తారు. జాతర ఫిబ్రవరి నెల మధ్యలో ఝరాసంగం మండలంలోని మాచ్‌నూర్ గ్రామంలో ముగుస్తుంది.

ప్రసార సాధనాలు

చదవను, వ్రాయను రాని స్త్రీలు కూడా తమ మాటను తామే చెప్పుకోగలగాలన్న ఉద్దేశంతో 1990ల చివర కొందరు సభ్యులకు వీడియో చిత్రీకరణలో శిక్షణ ఇచ్చారు. వారు తీసిన చిత్రాలలో వరంగల్ జిల్లాలో బీటీ పత్తి సాగుపై మూడేళ్లపాటు తీసిన చిత్రం ప్రసిద్ధమైనది.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చినది. ఆ తరువాత యునెస్కో సహాయంతో మాచ్‌నూర్‌లో రేడియో కేంద్రం నిర్మాణమైనది. కాని ప్రసారానికి అనుమతి లేనందున చాలాకాలం కార్యక్రమాలను టేపులలో నమోదు చేసి సంఘాల సమావేశాలలో వినిపించేవారు. 2006లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు కూడా అవకాశం కల్పించిన తరువాత, 2008 అక్టోబరు 15న "సంఘం రేడియో" 90.4 ఎఫ్ఎమ్‌పై ప్రసారాలను ప్రారంభించినది. పై తీర్పును ఇచ్చిన న్యాయమూర్తులలో ఒకరైన పి.బి.సావంత్ దీనిని ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అను ఇద్దరు స్త్రీలు కేంద్రాన్ని నడిపారు. వ్యవసాయం, ఆరోగ్యం, పండుగలు, పాటలు జహీరాబాదు యాసలోనే ప్రసారమైనవి.

విద్య, శిక్షణ

మాచ్‌నూర్‌లో బడి మానివేసిన, కూలిపనికి పోయే పిల్లల కోసం సంస్థ "పచ్చ సాలె" అను పాఠశాలను ప్రారంభించినది. ఇందులో పాఠ్యాంశాలతోబాటు వ్యవసాయం, వడ్రంగం, కుండల తయారీ వంటి పనులను నేర్పారు. రైతుల శిక్షణకై సంస్థ ఆధ్వర్యంలో కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఏర్పడినది. జహీరాబాదులో చిరుధాన్యాల వంటకాలను వడ్డించే "కేఫ్ ఎత్నిక్" అను భోజనశాలను నెలకొల్పినది.

చిరుధాన్యాల విధానంపై ప్రభావం

జొన్న, సజ్జ, కొర్ర వంటివాటిని "ముతక ధాన్యాలు" అని పిలవడం వాటిని తక్కువ చేయడమేనని సంస్థ వాదించినది. వివిధ రాష్ట్రాల రైతు సంఘాలు, శాస్త్రవేత్తలు, స్వచ్ఛంద సంస్థలతో కలిసి "మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా" అను వేదికను ఏర్పరచి, చౌకధరల దుకాణాలలో చిరుధాన్యాలను కూడా ఇవ్వాలని కోరినది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోబాటు ఈ ధాన్యాలకు కూడా చోటు లభించినది. 2018లో కేంద్ర ప్రభుత్వం వీటిని "పోషక ధాన్యాలు"గా ప్రకటించినది. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. సతీశ్ మరణించినది ఆ సంవత్సరంలోనే.

గుర్తింపు

2019లో డీడీఎస్‌కు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం లభించినది. ప్రకృతి ఆధారిత పద్ధతులతో పేదరికాన్ని ఎదుర్కొంటున్న స్థానిక సమూహాలకు ఈ పురస్కారాన్ని ఇస్తారు.

పరిమితులు, సవాళ్లు

చిరుధాన్యాల సాగులో, దంపులో శ్రమ ఎక్కువ. కొర్ర, సామలకు పొట్టు తీయడం బియ్యం ఆడించినంత సులభం కాదు. ఈ భారం ఎక్కువగా స్త్రీలపైనే పడుతుంది. పంట రుణాలు, పంటల బీమా ప్రధానంగా ఏకపంట సాగును దృష్టిలో ఉంచుకొని రూపొందినవి గనుక, ఒకే పొలంలో అనేక పంటలు కలిపి వేసే రైతుకు అవి అంతగా అక్కరకు రావు. పత్తి, చెరకు వంటి వాణిజ్య పంటల ఆకర్షణ ఈ ప్రాంతంలో కూడా బలంగా ఉన్నది. చదువుకొన్న యువతరం వ్యవసాయాన్ని విడిచి పట్టణాలకు వెళ్లడం మరొక సమస్య.

భూమి గురించిన ఆందోళన కూడా ఉన్నది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి (నిమ్జ్) ఏర్పాటుకు ప్రభుత్వం పూనుకొన్నది. దీనివలన ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పగా, జీవనాధారం పోతుందని పలువురు రైతులు వ్యతిరేకించారు. రెండు తరాల శ్రమతో బీడు నుండి పొలంగా మారిన భూమికి కూడా కాగితాలపై బీడు భూమి ధరయే పలకవచ్చునన్నది చిన్న రైతుల భయం.

చిరుధాన్యాలు పట్టణాలలో ఆరోగ్యాహారంగా ప్రచారం పొందిన తరువాత వాటి ధర బాగా పెరిగినది. ఇది పండించేవారికి కొంత మేలు చేసినా, కొని తినే పేదలకు అవి అందకుండా పోయే ప్రమాదం ఉన్నది. పండిన ధాన్యంలో మొదటి వాటా ఆ ఊరి పేదలకే చెందాలన్న సామూహిక ధాన్య నిధి సూత్రానికి ఈ కారణం చేత నేటికీ ప్రాధాన్యం ఉన్నది.