టైరు పుట్టినరోజు

ఆడవాళ్ళ వయసూ మగవాళ్ళ జీతమూ అడగకూడదంటారు. టైరు వయసు మాత్రం మొహమాటం లేకుండా అడిగెయ్యాలని 2023 వేసవిలో అమెరికాలో మా చెల్లెలి ఇంట్లో తెలుసుకున్నాను.

వాళ్ళకో మోటార్ హోమ్ ఉంది. చక్రాల మీద ఇల్లనుకోండి. పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానాలగది అన్నీ అందులోనే. ఏడాదికి ఒక నెల ఊళ్ళు తిరుగుతుంది, పదకొండు నెలలు ఎండలో నిలబడి ఉంటుంది. ఆసారి బయల్దేరే ముందు మా మరిది టైర్లన్నీ మార్చాలన్నాడు. "గాడులైనా అరగలేదు, కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. అంత డబ్బు తగలెయ్యడమెందుకు?" అని చెల్లెలు అడ్డుపడింది.

ఎవరి మాట నిజమో తేలాలంటే రబ్బరు కథ కొంచెం వినాలి. పూర్వం చెట్టుపాలతో చేసిన రబ్బరు వస్తువులు వేసవిలో జిగురై కారేవి, చలికాలంలో పెళుసుబారేవి. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ చేతిలోని గంధకం కలిపిన రబ్బరు పొరపాటున వేడిపొయ్యికి తగిలిందనీ, అది కరిగిపోకుండా గట్టిపడి, సాగే గుణం నిలుపుకుందనీ చెబుతారు. నేటి టైర్లకు ఆధారం ఆ పాకమే. ఆయన మాత్రం, పాపం, 1860లో అప్పులతోనే కన్నుమూశాడు. 1888లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు. అదీ కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు చూడలేక చేసిందే!

గంధకం రబ్బరుకు బలమిచ్చింది గాని చిరాయువు ఇవ్వలేదు. మన కుక్కర్ గాస్కెట్ చూడండి. వాడినా, అటక మీద పడేసినా కొన్నాళ్ళకు బిరుసెక్కి చిట్లుతుంది. టైరూ అంతే. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, పైనుంచి ఎండ దాన్ని లోలోపల తినేస్తాయి. అందుకే తయారుచేసేటప్పుడు రక్షణగా మైనంలాంటివి కలుపుతారు. చిత్రమేమిటంటే, చక్రం తిరుగుతూ టైరు వంగి సాగుతుంటేనే అవి పైకి బాగా వస్తాయి. కదలకుండా నిలబడిన బండికి ఆ భాగ్యం తక్కువ. ఎక్కువ తిరగదు కాబట్టి గాడులు అరగవు, వయసు మాత్రం ఆగదు.

ఇది ఎంత దారుణానికి దారితీస్తుందో 2012 సెప్టెంబరులో ఇంగ్లండులో తేలింది. సంగీతోత్సవం నుంచి కుర్రకారును తీసుకొస్తున్న బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు గాడులు చట్టం ప్రకారం సరిగానే ఉన్నాయి. దాని వయసు మాత్రం పంతొమ్మిదేళ్ళు దాటింది. పోయినవాళ్ళలో ఒక పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళే! వాడికన్నా టైరే పెద్దది. వాడి తల్లి ఫ్రాన్సిస్ మలోయ్ ఏడుస్తూ కూర్చోలేదు. ఏళ్ళ తరబడి పోరాడింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి బ్రిటన్‌లో లారీలకూ బస్సులకూ ముందు చక్రాల మీద పదేళ్ళు దాటిన టైర్లు ఉండకూడదని చట్టం వచ్చింది.

మరి టైరు వయసు తెలిసేదెలా? దాని పక్కగోడ మీదే రాసి ఉంటుంది. డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000 నుంచీ ఇదే పద్ధతి. ఒక్కోసారి అవి లోపలివైపే ఉంటాయి, కిందికి దూరి చూడాల్సిందే. అయిదేళ్ళు దాటాక ఏటా తెలిసినవాళ్ళకు చూపించాలనీ, పదేళ్ళు నిండితే పైకి ఎంత బాగున్నా తీసెయ్యాలనీ పేరున్న కంపెనీలే చెబుతున్నాయి. పగుళ్ళో ఉబ్బులో కనిపిస్తే అంతదాకా ఆగనే కూడదు.

మరిది టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరాడు. "2311" అని లోపల్నించి అరిచాడు. 2011లో ఇరవైమూడో వారం. పన్నెండేళ్ళు! వెనకసీట్లో పడుకునే పిల్లల్ని ఒకసారి చూసి, చెల్లెలు మారు మాట్లాడకుండా డబ్బు తీసిచ్చింది.

నేను ఇంటికి రాగానే చేసిన మొదటి పని మా కారు చక్రం పక్కన గొంతుక్కూర్చోవడం. "ఏం పోయిందీ, వెతుకుతున్నావ్?" అన్నారు మావారు. "ఏమీ పోకూడదనే వెతుకుతున్నాను" అన్నాను.